ఎమ్మిగనూరు తోటలో పడుగు

తోటల శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజుల్లోనే ప్రపంచంలోని గొప్ప తోటల గురించి పాఠం చెబుతారు. నాకూ చెప్పారు. ఆ పాఠం వల్ల నేను మంచి కంటే చెడే ముందు చేశాను. తప్పు పాఠానిది కాదు, విన్నవాడిది. మీరు నా కంటే బాగా వింటారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

నేను శిక్షణకు పోయింది బెంగుళూరుకు. లాల్‌బాగ్‌లో గాజుమేడకు ఎదురుగా చెట్టు కింద కూర్చోబెట్టి, మా గురువుగారు అట్టల మీద అంటించిన బొమ్మలు ఒక్కొక్కటే తీసి చూపించేవారు. మేం కూర్చున్న తోట సంగతితోనే మొదలుపెట్టారు. మైసూరును ఏలిన తండ్రి వేయించాడు, కొడుకు దేశదేశాల మొక్కలు తెప్పించాడు, వాళ్ళు పోయాక దొరలు లండన్‌లోని గాజు భవనాన్ని తలుచుకుని ఇక్కడ గాజుమేడ కట్టారు. ఆ తర్వాత కాశ్మీరులోని షాలిమార్. మొగలు చక్రవర్తి రాణి కోసం కొండ నీళ్ళను మెట్లు మెట్లుగా కిందికి దింపిన తోట. ఆపైన ఫ్రాన్సులోని వెర్సాయ్. ఆ బొమ్మ దగ్గర నా ఊపిరి ఆగింది. చూపు ఆనినంత దూరం తిన్నటి బాట, రెండు పక్కలా కొలిచి కత్తిరించినట్టున్న చెట్లు, చివర నీళ్ళు.

మాది గోనెగండ్ల పక్క. వాన పడితే కొన్నాళ్ళు పచ్చగా ఉండి, తర్వాత ఏడాదంతా మట్టి రంగులో ఉండే నేల. అలాంటి చోట పెరిగినవాడికి ఆ బొమ్మ చూపిస్తే ఏమవుతుంది? నాకు అదే అయింది. ఎప్పటికైనా అలాంటి బాట ఒకటి వేయాలి అనుకున్నాను.

గురువుగారు ఆ తోటల గురించి ఇంకొక మాట కూడా చెప్పారు. వీటిలో చాలా భాగం మొదట రాజుల కోసం వేసినవి, తర్వాత జనానివి అయ్యాయి, ఆ మార్పే వీటి అసలు చరిత్ర అన్నారు. నేను బాట పొడవు చూస్తున్నాను. ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి పోలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు బాట వేసే అవకాశం రాలేదు. ఆఫీసుల ముందు కుండీలు, ఆసుపత్రి ఆవరణలో నాలుగు మందార చెట్లు, విగ్రహాల చుట్టూ గడ్డి. డెబ్బైల్లో సగం దాటాక ఆదోనికి బదిలీ అయింది. అక్కడే మా మాలీల మేస్త్రి పరిచయమయ్యాడు. ఆదోని పాతబస్తీ మనిషి, నాకంటే పెద్దవాడు. నవాబుల కాలం నుంచి తోటపని చేసిన కుటుంబమని చెప్పుకునేవాడు. అది నిజమో కాదో తెలియదు గానీ, ఆయన గుచ్చిన కొమ్మ చిగురించకపోవడం నేను చూడలేదు.

టీ తాగేటప్పుడు నా గొప్ప తోటల కథలు ఆయనకు చెప్పేవాణ్ణి. వెర్సాయ్‌లోకి మామూలు జనాన్ని కూడా రానిచ్చేవాళ్ళు, కాకపోతే మగవాళ్ళ నడుముకు కత్తి వేలాడాలి, లేనివాళ్ళకు గేటు దగ్గర అద్దెకిచ్చేవాళ్ళు అని చెప్పాను.

మేస్త్రి గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మన దిక్కు అయితే సెప్పులు అద్దెకియ్యాల సాబ్."

అక్కడి ఫౌంటెన్లన్నిటికీ సరిపడా నీళ్ళు లేక, రాజు ఏ ఫౌంటెన్ దగ్గరికి వస్తే దాన్ని తిప్పి, దాటిపోగానే కట్టేసేవాళ్ళని, ఒకరికొకరు ఈలలు వేసి చెప్పుకునేవాళ్ళని కూడా చెప్పాను. అది ఆయనకు బాగా నచ్చింది. "అంటే వాళ్ళూ మన లెక్కనే" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఎమ్మిగనూరులో తోట వేసే పని నాకు అప్పగించారు. నేతపని వాళ్ళు ఉండే వీధుల పక్కన పొడుగాటి ఖాళీ జాగా. కాగితం మీద అది చూడగానే నాకు బెంగుళూరులో చూసిన బొమ్మ కనిపించింది. స్కేలు పెట్టి మధ్యలో ఒకే గీత గీశాను. ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నటి బాట, రెండు వైపులా అశోక చెట్లు, చివర ఫౌంటెన్.

తీరా జాగా చూడటానికి పోతే, నేను గీసిన గీత అప్పటికే నేల మీద ఉంది. మిగతా జాగా అంతా నల్లరేగడి, నోళ్ళు తెరుచుకున్న పగుళ్ళు. మధ్యలో మాత్రం ఒక పొడుగాటి పట్టీ కాళ్ళ తాకిడికి గట్టిపడి, చదునుగా, నున్నగా ఉంది. పని సగం తగ్గిందని సంతోషించాను. ఎవరి కాళ్ళు అని అడగలేదు.

అవి నేతగాళ్ళ కాళ్ళు. బట్ట నేయడానికి ముందు మగ్గానికి ఎక్కించే నిలువు దారాల వరసను పడుగు అంటారని మీలో కొందరికైనా తెలిసి ఉంటుంది. ఎమ్మిగనూరులో దాన్ని ఆరుబయట, వీధి పొడవునా సాగదీసి, రెండు కొసలా గుంజలు పాతి బిగిస్తారు. గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో అటొకరు ఇటొకరు దువ్వుకుంటూ నడుస్తారు. తెగిన పోగులు అతుకుతారు. తడి ఆరాకే చుట్టాలి. తడి మీద చుట్టినా, నేలకు తగిలినా పోగులు ఒకదానికొకటి అంటుకుని మగ్గానికి పనికిరావు. ఎండ ముదిరితే పెళుసెక్కి తెగుతాయి. కాబట్టి పని అంతా పొద్దున్నే, ఎండ ఇంకా మెత్తగా ఉండగానే జరగాలి. ఇదివరకు వాళ్ళ వీధిలోనే వేపచెట్ల కింద చేసుకునేవాళ్ళు. చెట్లు కొట్టేసి రోడ్డు వెడల్పు చేశాక, బస్సులూ లారీలూ తిరగడం మొదలయ్యాక ఈ జాగాకు వచ్చారు. ఇది కూడా పోతే ఇంక చోటు లేదు.

కంచె వేస్తున్నప్పుడు ఒక పెద్దాయన, ఆయన భార్య నా దగ్గరికి వచ్చారు. ఆ వీధిలో ఆయన మాట నలుగురూ వింటారు. ఆయన మాత్రం భార్య మాట వింటాడని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది.

"అప్పా, పొద్దున్నే రొంతసేపు మాకు ఇడిసిపెట్టు. నీ జనం లేసి వచ్చే యాలకు మేం సుట్టుకొని పోతాం" అన్నాడు పెద్దాయన.

నేను వాళ్ళకు చరిత్ర చెప్పాను. లండన్ పక్కన క్యూ అనే పెద్ద తోట ఉందని, అక్కడ పొద్దున పూట మొక్కల మీద పనిచేసే పండితులను తప్ప ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదని, తోటకు కూడా విశ్రాంతి కావాలని, క్రమశిక్షణ లేకపోతే తోట నిలవదని చెప్పాను.

ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుంది. "లండన్లో మగ్గాలు యాడ పెట్టుకుండారు సామీ?"

"అది వేరే విషయం."

"ఏరే ఇసయమే. ఆ పండితులు గంజి పెట్టుకోరేమో."

క్యూ కథలో రెండో సగం ఉంది. అక్కడి జనం ఊరుకోలేదు, ఏళ్ళ తరబడి గొడవ పెట్టుకుని గేట్లు ముందే తెరిచేలా చేసుకున్నారు. అది కూడా మా గురువుగారు చెప్పారు. నాకు గుర్తుంది. వాళ్ళకు చెప్పలేదు.

తోట తయారవుతూ వచ్చింది. నా గడ్డి రేగడి పగుళ్ళలోకి కుంగిపోయింది. ఫౌంటెన్ తొట్టి తొలి వానకే నేల ఉబ్బి బీట తీసింది, మళ్ళీ కట్టించాను. బాట మాత్రం అనుకున్నట్టే వచ్చింది. అశోక మొక్కలు సిపాయిల్లా నిలబడ్డాయి. ఆదోని నుంచి పొద్దున బస్సులో వచ్చి, గేటు దగ్గర నిలబడి ఆ బాటను చూసుకున్నాకే నేను పనిలోకి దిగేవాణ్ణి.

అలా వచ్చిన ఒక పొద్దున బాట మీద పడుగు సాచి ఉంది. కంచెలో సందు చేసుకుని వచ్చారు. పెద్దాయన ఒక వైపు, ఆయన తమ్ముడు ఒక వైపు కుంచెలు పట్టుకుని నడుస్తున్నారు. ఆమె గంజి కుండ దగ్గర ఉంది. పడుగు తమ్ముడిది. అతను కొత్తగా వేరే కాపురం పెట్టి, సొంతంగా మగ్గం వేసుకున్నాడు.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అన్నాను.

"ఎవురూ రమ్మన్లేదు సార్" అన్నాడు తమ్ముడు. "రోడ్డు మీద సాస్తే నిన్న లారీవోడు మీదికి తెచ్చినాడు. ఈ ఒక్క పూట."

"తీసేయండి."

పెద్దాయన కుంచె ఆపకుండానే అన్నాడు: "తడి మీద ఉండాది అప్పా. రొంత ఎండ తగలనీ. నీ కాళ్ళకు అడ్డం ల్యాకుండా మేమే పోతాం."

నేను మేస్త్రి వైపు తిరిగి "గుంజ పీకు" అన్నాను. మేస్త్రి కత్తెర తీసుకుని కంచె మొక్కల దగ్గరికి పోయి, ముందు రోజు కత్తిరించిన కొమ్మలనే మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ కత్తెర చప్పుడు నాకు ఇంకా మంట పెట్టింది. నేనే పోయి, రెండు చేతులతో ఊపి, గుంజ పెరికేశాను.

పడుగు ఒక్కసారిగా పడలేదు. నడుమ వంగి, మెల్లగా, అప్పుడే నీళ్ళు పెట్టిన మొక్కల పాదుల బురదలోకి దిగింది.

తమ్ముడు రెండు చేతులతో పడుగును ఎత్తబోయి, ఎత్తి లాభం లేదని తెలిసి వదిలేశాడు. ఆమె నన్ను తిట్టలేదు. మొగుడితో అంది: "సుట్టు. పోదాం పా. ఈడ నిలబడితే ఇంగా ఏమేం పీకుతాడో."

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. పొద్దున పూట బాట ఖాళీగా, శుభ్రంగా, బొమ్మలో ఉన్నట్టే ఉండేది. నేను దాన్ని చూసి సంతోషపడ్డాను. గుంజ పెరికినదానికంటే, ఇలా సంతోషపడినందుకే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. కోపంలో చేసిన పనికి కోపం మీద నెపం వేయొచ్చు. సంతోషానికి ఏ నెపమూ దొరకదు.

కొన్ని నెలలకు ఆదోనిలో పత్తి మిల్లుల వైపు పోతుంటే, లారీలోకి దూది కుక్కిన గోనె బోరాలు ఎక్కిస్తున్న హమాలీల్లో ఒకడు నన్ను చూసి ఆగాడు. ఆ తమ్ముడు. తల మీద గుడ్డ, ఒళ్ళంతా దూది.

"బాగుండారా సార్?" అన్నాడు.

"నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

"బోరాలు మోస్తాండా. పడుగు పాయె, మళ్ళా నూలు కొనే దుడ్డు ల్యాక మగ్గం కాళీగా నిలబడె. అన్న మగ్గం అన్న ఇంటికే సాలదు."

"మళ్ళీ నేతకు పోవచ్చు కదా."

అతను అరచేతులు తిప్పి చూపించాడు. బోరాల తాళ్ళకు చర్మం గట్టిపడి, చీలికలు పడి ఉంది. "పోగు పట్టుకుంటే సేతికి తెలీడంల్యా సార్" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. మిల్లు మేస్త్రీ ఎవరో కేకేస్తే పోయి బోరా కింద భుజం పెట్టాడు.

మా మాలీల మేస్త్రికి ఆ సంగతి చెప్పాను. అప్పటిదాకా ఆయన ఆ పొద్దు గురించి నాతో ఒక్క మాటైనా అనలేదు. ఆ రోజు అన్నాడు.

"సాబ్, మీరు లండన్ సెప్తారు, ఫ్రాన్స్ సెప్తారు. మన హైదరాబాదులో ఒక తోట ఉండాది, బాగే ఆమ్ అంటారు, జనం తోట అని. ఆమ్ అంటే ఎవరు? మీరు కాదు, నేను కాదు. గేటు బైట నిలబడినోళ్ళు."

"నువ్వు ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా."

"సెప్తే మీరు నా సేత పీకించేవాళ్ళు. అందుకే కత్తెర పట్టుకుంటి."

మరుసటి రోజే ఎమ్మిగనూరులో పెద్దాయన ఇంటికి పోయాను. ఆయన గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి ఆపలేదు. ఆమె గడప దగ్గర రాట్నం తిప్పుతోంది.

"ఏం సామీ, ఇంట్లో గుంజలు గూడా పీకాల్నా?" అంది.

నేను తప్పు చేశానని చెప్పాను. పోయిన నూలు తెచ్చిస్తానన్నాను. మగ్గం చప్పుడు అప్పుడు ఆగింది.

"నూలు మేం తెచ్చుకుంటాం అప్పా" అన్నాడు పెద్దాయన. "మా తమ్మున్ని యాడి నుంచి తెస్తావు?"

పొద్దున పూట గేటు తెరిపిస్తానని, బాట మీద పడుగు సాచుకోమని మాత్రం చెప్పాను.

"నీ పైనోళ్ళు ఒప్పుకున్యారా?"

"ఇంకా అడగలేదు. అడిగితే ఒద్దంటారు."

అది విని పెద్దాయన నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. ఆమె నవ్వలేదు. "రేపు వాళ్ళు వచ్చి అడిగితే?" అంది.

"నా మీద వేసుకుంటాను."

"సూద్దాం. ఏసుకునేటోళ్ళను శానామందిని సూసినాం."

అలా వాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు, ఒకరి తర్వాత ఒకరు. ఎండ ముదిరే వేళకు పడుగు ఉండేది కాదు, నాలుగు గంజి చుక్కలు తప్ప. మా పై అధికారికి ఈ సంగతి తెలియదు. తోట ప్రారంభం దగ్గర పడుతోంది. అది బాగా జరిగితే నన్ను హైదరాబాదు తోటకు పంపిస్తానని ఆయన ముందే మాటిచ్చాడు. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసింది ఆ మాట కోసమే. కాబట్టి నోరు మూసుకుని ఉన్నాను. ఎమ్మిగనూరులో ధైర్యం, ఆఫీసులో మౌనం. రెండూ ఒకే మనిషివే.

ప్రారంభం సాయంత్రానికి పెట్టారు. ఫౌంటెన్‌కు ఉన్నది చిన్న తొట్టి. కాలువ నీళ్ళు వచ్చిన రోజు నింపుకుంటే కాసేపు ఎగిరి ఆగిపోతుంది. అందుకని వెర్సాయ్ పద్ధతే పెట్టాను. అధికారి జీపు కనబడగానే గేటు దగ్గర మాలీ ఈల వేయాలి, బాట చివర మేస్త్రి నీళ్ళు తిప్పాలి, దొరగారు నడిచి వచ్చేసరికి ఫౌంటెన్ ఎగురుతూ ఉండాలి. రెండు రోజులు సాధన కూడా చేయించాను.

ఆ రోజు పొద్దున, ఎండ ఇంకా పసుపు రంగులో ఉన్నప్పుడు జీపు వచ్చేసింది. హొళగుంద వైపు ఏదో పని పడి, పోతూ పోతూ ఏర్పాట్లు చూసిపోదామని ఆగాడు అధికారి. గేటు దగ్గర మాలీకి పొద్దున, సాయంత్రం తేడా ఎవరూ చెప్పలేదు. జీపు చూశాడు, ఈల వేశాడు. బాట చివర నీళ్ళు లేచాయి.

బాట మొదట్లో పడుగు ఉంది. అప్పుడే గంజి పట్టించారు. పెద్దాయన, మరో నేతగాడు చెరో పక్కన కుంచెలతో నడుస్తున్నారు. ఆమె తెగిన పోగు అతుకుతోంది.

అధికారి దాని ముందు ఆగాడు. "ఏమిటిది?"

"పడుగు సార్."

"అది నాకు కనబడుతోంది. ఇక్కడెందుకుంది?"

"రోజూ ఉంటుంది సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎవరు రానిచ్చారు?"

గేటు దగ్గరి మాలీ అనొచ్చు. మేస్త్రి అనొచ్చు. వాళ్ళే కంచెలో సందు చేసుకుని వచ్చారనొచ్చు, ఒకప్పుడు అది నిజమే కూడా. ఆమె పోగు ముడి వేస్తూ తల ఎత్తకుండా వింటోంది. హైదరాబాదు తోట నా కళ్ళ ముందే ఉంది.

"నేనే రమ్మన్నాను సార్."

"సరే. ముందు తీయించండి. నేను అటు నడిచి చూడాలి."

"తడి మీద ఉంది సార్. తీస్తే పోతుంది."

"అంటే?"

"తీయించను సార్. ఒకసారి నా చేత్తోనే తీశాను. ఆ మనిషి ఇప్పుడు ఆదోనిలో బోరాలు మోస్తున్నాడు."

ఆయన పడుగు పొడవునా చూశాడు. తర్వాత అడిగాడు: "ప్రపంచంలో తోటలన్నీ చదివానంటారు కదా మీరు. ఏ తోటలోనైనా ఇలా ఉందా?"

"లేదు సార్. లండన్ దగ్గర ఒక తోటలో పొద్దున పూట జనానికి గేటు మూసేవాళ్ళు. జనం ఏళ్ళ తరబడి గొడవపడి ముందే తెరిపించుకున్నారు. ఇక్కడ గొడవ పడకముందే తెరిచాను."

నిజానికి ఇక్కడా గొడవ జరగకపోలేదు. జరిగింది, నేనొక్కణ్ణే చేశాను. ఆ మాట అక్కడ చెప్పలేదు. పెద్దాయన మాత్రం నన్ను ఒకసారి చూసి, మళ్ళీ కుంచె వైపు చూసుకున్నాడు.

అధికారి ఆయన్ను అడిగాడు: "ఎంతసేపు పడుతుంది ఆరడానికి?"

"ఎండను అడగాల సామీ. నాకైతే సెప్పడంల్యా."

అధికారి పెదవులు కొంచెం కదిలాయి. పడుగు పక్కనే, మొక్కల పాదుల అంచున ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆ కొసకు నడిచాడు. నేను వెనకే పోయాను. మేం ఫౌంటెన్ దగ్గరికి చేరేసరికి చివరి నీళ్ళు ఒకటి రెండు గుటకలు మింగినట్టు చప్పుడు చేసి ఆగిపోయాయి. మేస్త్రి తిప్పుడు చక్రం మీద చెయ్యి పెట్టుకునే సలాం చేశాడు.

"ఇందాక బాగా వచ్చింది సాబ్. శానా ఎత్తు."

దూరంగా ఆమె నవ్వు వినబడింది.

అధికారి ఖాళీ తొట్టిలోకి చూస్తూ అడిగాడు: "నీళ్ళు లేని చోట ఫౌంటెన్ ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టించాను సార్."

"అక్కడ పడుగు పెట్టించింది?"

"అదీ నేనే సార్."

"రెండింట్లో ఒకటైనా పనికొచ్చేది చేశారు" అని జీపు వైపు నడిచాడు.

సాయంత్రం ప్రారంభం జరిగింది. ఆయన రాలేదు, ఇంకొకర్ని పంపించాడు. హైదరాబాదుకు నా బదులు వేరే ఆయన పోయాడు. పడుగు ఆపమని కాగితం వస్తుందని నెలల తరబడి చూశాను. రాలేదు. మా శాఖలో అంతకు మించిన అనుమతి ఉండదు.

ఆ ఏడు వానలు పడ్డాక ఒక రోజు పెద్దాయన బాట మీద నిలబడి నా అశోక చెట్లను తలెత్తి చూస్తున్నాడు.

"బాగా పెరుగుతాండాయి అప్పా నీ సెట్లు. నీడ మాత్రం వాటి కాళ్ళ మీదే పడ్తాది."

అశోక చెట్టు అందం నిటారుగా ఉండటంలోనే ఉంది. ఎండ ముదిరే వేళకు పడుగుకు కావలసింది పరుచుకునే నీడ. మేస్త్రీ నేనూ కలిసి బాటకు తూర్పు వైపు అశోకలు తీసేసి, కానుగ మొక్కలు నాటాం. నా బొమ్మ అలా ఒక పక్క చెడిపోయింది. నేతగాళ్ళ ఆడవాళ్ళు పని అయ్యాక కుంచెలు కడిగిన గంజి నీళ్ళు ఆ పాదుల్లోనే పోసేవాళ్ళు. రేగడిలో నా గడ్డి బతకలేదు గానీ కానుగలు బతికాయి. కొన్నేళ్ళకు కొమ్మలు బాట మీదికి వంగాయి. పొద్దున నడవడానికి వచ్చే ఊరివాళ్ళు పడుగుకు ఆ పక్కనుంచి, ఈ పక్కనుంచి నడవడం అలవాటు చేసుకున్నారు. మార్వాడీ షావుకార్లు, బడిపంతుళ్ళు, మసీదు నుంచి వచ్చే ముసలాయనలు, అందరూ. కొత్తవాళ్ళు ఎవరైనా అడ్డంగా దాటబోతే వాళ్ళే కేకలేసేవాళ్ళు.

ఇప్పుడు మీకు నా పిచ్చి ఏమిటో అర్థమయ్యే ఉంటుంది. రిటైరయ్యాక ఇంకా చదివాను. అమెరికాలో న్యూయార్కు నడిబొడ్డున ఉన్న పెద్ద తోట వేయడానికి కూడా అక్కడ ఇళ్ళు కట్టుకుని బతుకుతున్నవాళ్ళను ఖాళీ చేయించారట. అది చదివిన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. గొప్ప తోటల చరిత్ర చదివేటప్పుడు ఆ నేల అంతకుముందు ఎవరిదో కూడా వెతకండి. పుస్తకంలో అది ఒక మూల ఒక్క వాక్యంగా ఉంటుంది, దొరికితే.

పెద్దాయన తమ్ముడు మగ్గానికి తిరిగి రాలేదు. అప్పుడప్పుడు ఎమ్మిగనూరు వచ్చినప్పుడు పడుగు దగ్గర నిలబడి కాసేపు చూసేవాడు, కుంచె అందుకునేవాడు కాదు. నన్ను చూస్తే తలూపేవాడు. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు. అయినా ఆ తోటను తలుచుకుంటే నాకు గర్వమే వస్తుంది. దాచుకోను. నేను చూసిన తోటల్లో, చదివిన తోటల్లో, పొద్దున పూట ఊరి బట్ట తయారయ్యే తోట ఇంకొకటి లేదు.

ఎనభైల చివర, ఎండాకాలం మొదట్లో నా ఉద్యోగం అయిపోయింది. ఆఖరి రోజు సాయంత్రం ఆదోని ఆఫీసులో దండ వేస్తామన్నారు. పొద్దున మాత్రం అలవాటు కొద్దీ మొదటి బస్సుకు ఎమ్మిగనూరు పోయాను. బాట మీద పడుగు సాచి ఉంది. పెద్దాయనకు అప్పటికి నడుం వంగింది, కూర్చుని చూస్తున్నాడు. ఆ రోజు ఒక మనిషి తక్కువయ్యాడట.

"ఉద్యోగం అయిపాయె గదా అప్పా, కాళీనే గదా. ఒక సెయ్యి ఎయ్యి" అన్నాడు పెద్దాయన.

సంబరంగా పోయి కుంచె అందుకోబోయాను. ఆమె దాన్ని పక్కకు లాగేసుకుంది.

"కుంచె కాదు సామీ. అంత నమ్మకం ఇంగా రాలేదు."

"మరి నేనేం చేయాలి?"

ఆమె పైకి చూపించింది. కానుగలు పూత మీద ఉన్నాయి. గాలి కదిలినప్పుడల్లా చిన్న చిన్న పూలు తడి పడుగు మీద రాలుతున్నాయి. అవి అక్కడే ఆరితే పోగులకు అంటుకుంటాయట, మరక పడుతుందట.

"నువ్వు నాటిందే గదా" అంది. "ఏరు."

చొక్కా చేతులు పైకి మడిచి, పడుగు ఈ కొస నుంచి మొదలుపెట్టాను. పోగు కదలకుండా, రెండు వేళ్ళతో, ఒక్కొక్క పువ్వే. నేను ఆ కొసకు చేరేసరికి ఈ కొసన మళ్ళీ రాలి ఉండేవి. వెనక్కి వచ్చేవాణ్ణి. పడుగు ఆరేదాకా ఏరాను.